దీపాలదిన్నె బొమ్మలు

మంగళగిరి కొండ మీద స్వామికి పానకం పోయించి దిగివచ్చినవారు కింద గాలిగోపురం ముందు ఒక్కసారైనా తలెత్తి చూస్తారు. పదకొండు అంతస్తులు, 153 అడుగులు. 1807-09లో రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కట్టించారు.

అంతకు కొన్నేళ్ల ముందు ఆయన అమరావతిని రాజధానిగా కట్టుకుంటుంటే, రాళ్ల కోసం దీపాలదిన్నెను తవ్వించారు. ఆ దిబ్బ కింద ఉన్నది బౌద్ధుల మహాచైత్యం. ఎప్పటివారో పేరుపేరునా దానాలిచ్చి చెక్కించిన పల్నాటి సున్నపురాతి పలకలు కొత్త కట్టడాల్లోకి, శివగంగ చెరువు మెట్లలోకి చేరాయి. మరికొన్ని సున్నం కోసం కాలిపోయాయి.

1816లో బ్రిటిష్ సర్వే అధికారి కల్నల్ కాలిన్ మెకంజీ తన చిత్రకారులతో అక్కడికి వచ్చారు. హెన్రీ హామిల్టన్, జాన్ న్యూమన్, మురుగేశ మొదలియారు వంటివారు మిగిలిన పలకలను కాగితం మీదికి ఎక్కించారు. కొన్ని పలకల మీద చైత్యం బొమ్మే ఉంది: ప్రాకారం, సింహాలు, ఐదేసి స్తంభాల వరుసలు, చేతులు జోడించిన జనం. గుడి ఒంటి మీదే గుడి రూపం చెక్కిన ఆ శిల్పుల వల్లనే చైత్యం ఎలా ఉండేదో ఈనాడు ఊహించగలుగుతున్నాం. మెకంజీ బృందం గీసిన పలకల్లో కొన్ని ఆ తర్వాత కనిపించకుండా పోయాయి. వాటికి ఆ కాగితాలే మిగిలాయి. అవి ఇప్పుడు లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఉన్నాయి.

అదే లండన్‌లో 1658లో చిత్రకారుడు వెన్సెస్లాస్ హోలర్ పాత సెయింట్ పాల్స్ కెథడ్రల్ లోపలి భాగాన్ని రాగిరేకు మీద చెక్కాడు. ఆ చర్చి ఏ రోజైనా కూలవచ్చని, దాని జ్ఞాపకం నిలపడానికే చెక్కుతున్నానని ఆ బొమ్మ మీదే రాశాడు. 1666 అగ్నిప్రమాదంలో ఆ చర్చి కాలిపోయింది.

వెంకటాద్రి నాయుడికి భక్తి తక్కువేమీ కాదు. గోపురమే సాక్ష్యం. కానీ ఇంకొకరి ఆరాధన ఆయన కంటికి రాయిగానే ఆనింది. బొమ్మలు గీసినవారు ఆ చైత్యానికి మొక్కేవారు కారు. మెకంజీ అయితే మొదట దాన్ని జైనులదనుకున్నారు. ఎవరి దేవుడిదో తెలియకపోయినా తామరరేకు కూడా వదలకుండా చూశారు. నా మటుకు అదీ పూజే. స్వామీ, నాకూ అలాంటి చూపునివ్వు.

ఈ రోజు గుడికి వెళ్లినా, చర్చికి వెళ్లినా, మసీదుకు వెళ్లినా, కోరిక చెప్పుకునే ముందు ఒక్క స్తంభాన్ని అడుగు నుంచి పైదాకా నిదానంగా చూడండి. పక్కవారి ప్రార్థనాస్థలాన్నీ అలాగే చూడండి. వెంట పిల్లలుంటే, వాళ్ల చేతికి కాగితం, పెన్సిలు ఇవ్వండి.