మట్టి వడకట్టిన నీరు శుద్ధమేనా?

సెప్టిక్ ట్యాంకు మురుగును పెద్దగా శుద్ధి చేయదు, ముఖ్యంగా విడదీస్తుంది. బరువైనది మడ్డిగా అడుగుకు దిగుతుంది, జిడ్డు తెట్టుకట్టి పైన తేలుతుంది, నడుమనున్న నీరు రోగక్రిములతో సహా బయటికి వస్తుంది. అసలు పని మట్టిది. కంకర పరిచిన కాలువల్లోకి చిల్లుల గొట్టాలతో వదిలిన ఆ నీరు, భూగర్భజలాన్ని చేరేలోగా కనీసం రెండు మూడు అడుగుల పొడినేల గుండా దిగాలి. కంకర అడుగున సూక్ష్మజీవులు నల్లటి జిగురుపొరగా పేరుకుని నీటిని నెమ్మదింపజేస్తాయి. దాని కింద, గాలి ఆడే నేలలో, బాక్టీరియా మాలిన్యాన్ని తినేస్తుంది. మట్టి రేణువులు వైరస్‌లను, ఆ రేణువుల్లోని ఇనుము, అల్యూమినియం భాస్వరాన్ని పట్టి ఉంచుతాయి. కిందికి దిగిన నీటికి రంగూ ఉండదు, వాసనా ఉండదు.

అంతమాత్రాన అది శుద్ధమైనట్టేనా? మనుస్మృతి ఐదో అధ్యాయం ప్రకారం, మైల అంటిన వస్తువును దాని వాసన, మరక పోయేదాకా మట్టితో, నీటితో తోమాలి. నేలకైతే ఊడ్చడం, అలకడం, నీళ్లు చల్లడం, పైమట్టి గీకడం, ఆవులను ఉంచడం అనే అయిదు మార్గాలు చెప్పింది. అంటే మైల వస్తువు స్వభావం కాదు, అంటుకునేది, వదిలిపోయేది. ఇస్లామీయ ధర్మవిచారణా ఇంచుమించు ఈ దారినే నడిచింది. శుద్ధి చేసిన మురుగునీటితో వజూ (నమాజుకు ముందు చేసే శుద్ధి) చేయవచ్చా అన్న ప్రశ్నకు 1978లో సౌదీ అరేబియా ఉలేమాల ఉన్నత మండలి, మాలిన్యం వల్ల వచ్చిన రంగు, రుచి, వాసన పూర్తిగా పోతే చేయవచ్చని తీర్పు చెప్పింది. పోయిందో లేదో తేల్చే పనిని నిపుణులకు అప్పగించింది. తాగే విషయంలో మాత్రం ఆరోగ్యరీత్యా దూరంగా ఉండటమే మేలన్నది.

ఆ జాగ్రత్తకు కారణం మట్టిలోనే ఉంది. మురుగులోని అమోనియాను బాక్టీరియా నైట్రేటుగా మారుస్తుంది. నైట్రేటును మట్టి పట్టుకోలేదు. అది నీటితోపాటే బావిలోకి దిగుతుంది. కంటికి, ముక్కుకు, నాలుకకు అందదు. తాగునీటిలో అది లీటరుకు 45 మిల్లీగ్రాములు దాటకూడదని భారతీయ ప్రమాణం. దాటితే పసిపిల్లల రక్తం ప్రాణవాయువును సరిగా మోయలేదు. పూజకు పనికొచ్చే నీరు పసిపిల్లలకు పాలు కలపడానికి పనికిరాకపోవచ్చు. రెండూ వేర్వేరు ప్రశ్నలు. ఇంద్రియాల పరీక్ష మొదటిదానికే సరిపోతుంది.

మైలను వదిలించుకునే వెసులుబాటు మట్టికి, పాత్రకు దక్కింది కానీ మనిషికి దక్కలేదు. మనుస్మృతి అదే అధ్యాయంలో చండాలుణ్ణి తాకినవారు స్నానంతో శుచి అవుతారంటుంది. తాకించుకున్నవాడి మైల మాత్రం ఏ స్నానంతోనూ పోయేది కాదు. అంటుకునేదే మైల అయితే పుట్టుకతో వచ్చే మైలకు తావు ఎక్కడ? ధర్మశాస్త్రం తన సూత్రాన్ని తానే ఇక్కడ తప్పింది. ఆ తప్పు ఫలితం ట్యాంకు దగ్గర నేటికీ కనిపిస్తుంది. మట్టి నీటినే వడకడుతుంది. అడుగు మడ్డిని కొన్నేళ్లకోసారి ఎవరో తోడాలి. ఆ పని తరతరాలుగా కొన్ని కులాల మీదే పడింది. రక్షణ సామగ్రి లేకుండా మనుషులను ట్యాంకుల్లోకి దించడాన్ని 2013 నాటి చట్టం నిషేధించింది, అయినా ఆ చావులు ఆగలేదు.