దాహమెరిగిన దేవుడు

ఆదివారం ఆరాధనలో సాక్ష్యాల సమయం వచ్చిందంటే నాకు గుండెల్లో గుబులు. ఎవరికో గడ్డ కరిగిపోయింది, ఎవరి కొడుకో ఐసీయూ నుంచి నడిచి వచ్చాడు. అందరితోపాటు నేనూ హల్లెలూయ అంటాను. లోపల మాత్రం ఒకటే ప్రశ్న: ప్రభువా, మా ఇంటి గడప నీకు కనపడలేదా? ఇది అసూయే. దానికి ఇంకో పేరు పెట్టుకుని దేవుడి ముందు నిలబడలేను.

మాది ఉద్దానం. కవిటి, సోంపేట, కంచిలి, మందస వైపు ఊళ్లలో కిడ్నీ జబ్బు ఎరగని బంధువర్గం దొరకడం కష్టం. మా ఆయనకి వారానికి మూడుసార్లు డయాలసిస్, వెళ్లినప్పుడల్లా నాలుగేసి గంటలు. కొబ్బరితోటల్లో పుట్టి పెరిగిన మనిషి ఇప్పుడు కొబ్బరినీళ్లు ముట్టకూడదు, ఒంట్లో పొటాషియం పెరిగితే గుండెకి ప్రమాదం. మంచినీళ్లు కూడా కొలిచే ఇవ్వాలి. ఎండాకాలం మధ్యాహ్నం ఆయన ఇంకో గుక్క అడిగితే కాదనాల్సింది నేనే. నేను చేసే సేవల్లో ఇంత కఠినమైనది మరొకటి లేదు.

ఈ జబ్బు ఎందుకొస్తోందో ఇప్పటికీ తేలలేదు. బీపీ, షుగరు లేనివాళ్లకీ వస్తోంది. నీళ్లలో సిలికా, భారలోహాలు, పురుగుమందులు, ఎండలో చాకిరీ, ఇలా ఒక్కోటీ పరిశోధకులు చూస్తూనే ఉన్నారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి తెరిచారు. అందుకు నేను దేవుణ్ణి స్తుతిస్తాను. అయితే శాస్త్రం తేల్చనిది మనుషులు ఇట్టే తేల్చేస్తారు. “ఇంట్లో దాచిన పాపం ఏదో ఉండుంటుందమ్మా, ఒప్పుకోండి” అంది ప్రార్థనకొచ్చిన ఒకావిడ. ఆ మాట నన్ను రాత్రుళ్లు నిద్రపోనివ్వలేదు. మామగారి నాటి పొలం తగాదా దగ్గర్నుంచి నా చిన్నప్పటి అబద్ధాల దాకా అన్నీ తవ్వుకున్నాను.

యోహాను సువార్త 9వ అధ్యాయం సండేస్కూలు రోజుల నుంచీ చదివిందే. పుట్టుగుడ్డివాణ్ణి చూసి ఇది ఎవరి పాపమని శిష్యులు అడిగారు. అతనిదా, కన్నవాళ్లదా అనే లెక్కనే యేసు ఒప్పుకోలేదు. డయాలసిస్ వార్డు బయట బల్ల మీద కూర్చుని చదివినప్పుడు, ఆయన ఆ మనిషి నెత్తి మీంచి నేరం దించేయడం మొదటిసారి చూశాను. యోబు గ్రంథంలోనూ అంతే. 38 నుంచి 41 వరకు నాలుగు అధ్యాయాల్లో దేవుడు సముద్రం గురించి, అడవిగాడిద గురించి, గుర్రం గురించి మాట్లాడతాడు. యోబుకి ఆ బాధ ఎందుకొచ్చిందో ఒక్క ముక్క చెప్పడు. చివరికి ఆయన కోపం రగిలింది మాత్రం, దేవుడి తరఫున వకాల్తా పుచ్చుకుని కారణాలు చెప్పిన స్నేహితుల మీద.

శ్రమ ఓర్పుని, ఓర్పు గట్టితనాన్ని, అది నిరీక్షణని పుట్టిస్తుందని పౌలు రోమీయులకు రాశాడు. నన్ను నేను పరీక్షించుకుంటే, నా శ్రమ మొదట పుట్టించింది చిరాకుని. ఆ వెనక భయం, అప్పుల లెక్క. కొన్నాళ్లు ప్రార్థనే రాలేదు. అప్పుడు 88వ కీర్తన నన్ను పట్టుకుంది. అందులో చివరికి కూడా స్తుతి ఉండదు, చీకట్లోనే ఆగిపోతుంది. అలాంటి మొరకి కూడా పరిశుద్ధ గ్రంథంలో చోటు దొరికిందంటే నా ఏడుపుకీ దొరుకుతుందనుకున్నాను. దేవుడితో పోట్లాడాను, నోటికొచ్చినట్టు అడిగాను. పోట్లాడ్డానికైనా రోజూ ఆయన దగ్గరికే వెళ్తున్నానని కొంతకాలానికి గమనించాను. నాలో ఓర్పంటూ మొదలైతే అక్కడే మొదలై ఉండాలి.

మంచి శుక్రవారం సిలువ మీది ఏడు మాటల్ని ఏడుగురు పంచుకుని చెప్పడం మా సంఘంలో ఆనవాయితీ. ఒక సంవత్సరం ఐదో మాట నాకొచ్చింది, యేసు తనకి దాహంగా ఉందని చెప్పిన మాట. అందరూ చెప్పినట్టే అది ఆత్మల కోసం దాహమని రాసుకుని వెళ్లాను. మైకు ముందు నిలబడేసరికి ముందు వరసలో మా ఆయన కనిపించాడు, పెదాలు పగిలి ఉన్నాయి. రాసుకున్నది చదవలేకపోయాను. నెత్తురు పోయి, ఎండలో వేలాడుతూ, నాలుక పిడచగట్టుకుపోయిన మనిషి దాహం గురించే చెప్పాను. సమరయ బావి దగ్గర జీవజలం ఇస్తానన్నవాడే ఇక్కడ గుక్కెడు తడి కోసం అడిగాడు. దేవుడు మా బాధని పైనుంచి చూస్తున్నాడని అంతవరకూ నమ్మాను. మా ఇంట్లో కొలిచి ఇచ్చే గ్లాసు ఆయనకి లోపల్నుంచి తెలుసని ఆ రోజు నమ్మాను.

అంతకుముందు నా నిరీక్షణంతా క్రియాటినిన్ రిపోర్టు మీదే ఉండేది. అంకె తగ్గితే దేవుడు మంచివాడు, పెరిగితే మౌని. ఇప్పుడూ రిపోర్టు చూసేటప్పుడు చేతులు వణుకుతాయి. కానీ తిరిగి లేచిన యేసు తోమాకి చూపించింది గాయాల్నే కదా. డయాలసిస్ కోసం చేసిన ఫిస్టులాతో ఉబ్బి, సూది మచ్చలతో నిండిన మా ఆయన ఎడమ చెయ్యి కూడా పునరుత్థానంలో లేస్తుందని నమ్ముతున్నాను. ఆత్మ సరే, నాకు ఆ చెయ్యి కావాలి.

వార్డుకి కొత్తగా వచ్చిన ఆడవాళ్లు బల్ల మీద నా పక్కన కూర్చుంటారు. వాక్యం చెప్పే తొందర ఇప్పుడు లేదు. దాహానికి చిన్న ఐసుముక్క చప్పరించమనాలని, దాన్నీ నీళ్ల కొలతలోనే కలుపుకోవాలని చెబుతాను. వాక్యం వాళ్లే అడిగితే 88వ కీర్తన చూపిస్తాను. స్వస్థత కోసం కూడా అడుగుతూనే ఉన్నాను. తన శరీరంలోని ముల్లు తీసేయమని పౌలు మూడుసార్లు వేడుకున్నాడు. నేనింకా ఆపలేదు.