మెఫీబోషెతు విడిచిన పొలము



అంగవైకల్యము గలవారి యిండ్లను దర్శించునప్పుడు క్షమాపణను గూర్చి మాటలాడుట మనకు వాడుక. అయితే ఎవరిని క్షమింపుమని ఎవరితో చెప్పుచున్నామో ముందుగా ఆలోచింపవలెను.

మన అనంతపురపు మెట్టసీమలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన. వేరుసెనగ ఎండిన యేట తలిదండ్రులు బెంగళూరికి కూలికి పోవుదురు. బిడ్డ అవ్వ యొద్ద నుండును. ఆ వలసలలో పోలియో చుక్కలు తప్పిపోయిన బిడ్డ పెరిగి, “అమ్మా, ఆ దినము నన్నెందుకు తీసికొనిపోలేదు?” అని అడుగును. 2014 మార్చి 27న మన దేశము పోలియో లేనిదని ధ్రువీకరింపబడెను గాని, అంతకు ముందు దానివలన కాళ్లు చచ్చుబడినవారు నేటికిని మన బల్లల మీద కూర్చుండుచున్నారు.

ఊరివారు అది పాపఫలమందురు. యోహాను 9వ అధ్యాయములో ప్రభువు ఆ మాటను త్రోసివేసెను. మార్కు 2లో పక్షవాయువు గలవానికి ముందు పాపక్షమాపణయే చెప్పెను గదా అని కొందరడుగుదురు. నిజమే, తన అధికారమును చూపుటకు చెప్పెను. పాపమువలననే ఆ రోగము వచ్చెనని అక్కడ లేదు.

అయిదేండ్ల మెఫీబోషెతును ఎత్తుకొని దాది పరుగెత్తగా వాడు పడి కుంటివాడాయెను (2 సమూయేలు 4). ఆమె పరుగెత్తినది వాని ప్రాణము కాపాడుటకే. చుక్కలు వేయింపని తల్లి సంగతి దీనికి దగ్గర. తల్లిని కొడుకును కూర్చుండబెట్టి ఇద్దరి మాటయు వినవలెను. తొందరపడి చేతులు కలుపరాదు. ఇరువది యేండ్ల కోపము ఒక ప్రార్థనతో పోవునని అనుకొనుట మన సోమరితనమే.

సీబా సంగతి వేరు. అతడు కుంటివాడైన యజమానుని విడిచిపోయి, రాజుతో కొండెములు చెప్పి ఆస్తి సంపాదించెను. మెఫీబోషెతు ఊరకుండలేదు. జరిగిన మోసమును రాజు ఎదుట చెప్పెను. పొలము చెరిసగమని తీర్పైన తరువాత, అంతయు వానినే తీసికొననిమ్మనెను (2 సమూయేలు 19). ఆ తీర్పు మనకంత న్యాయముగా తోచదు గాని, చెప్పిన తరువాతనే విడిచెనని గమనింపుడి.

2024లో మన రాష్ట్రమందు వికలాంగుల పింఛను నెలకు 6,000 రూపాయలకు పెరిగెను. అది చేతికందిన గడియలోనే అన్నయో మామయో లాగుకొను ఇండ్లున్నవి. అక్కడ “క్షమింపుము తమ్ముడా” అని మనము చెప్పినయెడల సీబా పక్షమున నిలిచినట్లగును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము అట్టి దోపిడిని గూర్చి మెజిస్ట్రేటు అధికారము గల తహసీల్దారునకు చెప్పుకొను మార్గమిచ్చినది. ఒంటరిగా పోలేనివానితో పెద్దలిద్దరు బస్సెక్కి మండలమునకు పోవలెను. క్షమాపణ మాట వాడే యెత్తువరకు మనము ఎత్తకుందము.