రుచి పోయిన నాలుక

నాలుకను జయించడానికి మన పెద్దలు ఎన్ని వ్రతాలు పెట్టారో! తెలుగు పండితుడిగా బడిలో ఆ మాట చెబుతూనే వచ్చాను, ఏకాదశులు నిష్ఠగా ఉన్నాను. ఇప్పుడు పెద్దపేగు క్యాన్సర్‌కు కీమో నడుస్తోంది. గోంగూరా గంజీ నాకు ఒకటే; ఏది నోట పెట్టుకున్నా ఇనుము నాకినట్టుంటుంది. ఆక్సాలిప్లాటిన్ అనే కీమో మందు ఎక్కించాక కొన్నాళ్లు చల్లటి మజ్జిగ తగిలితే చాలు, గొంతులో గుచ్చుకుంటుంది.

చూడవచ్చిన బంధువొకాయన "రుచి మీద మమకారం పోయింది, ఇదీ దైవానుగ్రహమే బావగారూ" అన్నాడు. మంచి మనసుతోనే అన్నాడు గానీ నేను ఒప్పుకోలేను. ఆకలి వేస్తూ, ఎదురుగా విస్తరి ఉండి, వద్దనుకున్నవాడిది ఉపవాసం. ఆకలే లేనివాడు వదులుకునేది ఏముంది? నాది వైరాగ్యం కాదు, మందు చేసిన పని.

తిండి మానితే గడ్డ మాడిపోతుందని కూడా చెప్పాడాయన. కానీ గడ్డ కన్నా ముందు కరిగేది మన కండ. కండ తరిగినవాడు మందుకు తట్టుకోలేడు. మోతాదు తగ్గించాలి, లేదా విడత వాయిదా వేయాలి. ఆర్నెల్లలో బరువు 5 శాతానికి మించి తగ్గితే వైద్యులు ఊరుకోరు. కిలో బరువుకు రోజుకు 25 నుంచి 30 కేలరీలు, 1 నుంచి 1.5 గ్రాముల మాంసకృత్తులు కావాలంటారు. అంటే 60 కిలోల మనిషికి కనీసం 60 గ్రాములు. పాలు, పెసరట్టు, సున్నుండ, మెత్తగా ఉడికిన పప్పన్నం, ఏదైనా కొంచెం కొంచెంగా, మాటిమాటికీ. వాంతులయ్యే రోజున ఆ లెక్క కొండంత.

తిండి లేకపోతే తరిగేది కండ ఒక్కటే కాదు. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు కొడుకు శ్వేతకేతువును పదిహేను రోజులు అన్నం మాని నీళ్లే తాగమంటాడు. ఆ తరువాత వేదం చెప్పమంటే కుర్రవాడికి ఏదీ తోచదు. అన్నం తిని వచ్చాక అడిగినవన్నీ చెబుతాడు. మనసు అన్నమయమని తండ్రి అలా చూపించాడు. ఆ కథలోని నిజం నాకు ఈ జబ్బులోనే తెలిసింది. కడుపులోకి ఏమీ పోని రోజుల్లో, చిన్ననాటి నుంచి నోటికి వచ్చిన సంధ్యావందన మంత్రం మధ్యలో ఆగిపోతుంది. దేవుణ్ణి తలచుకోవడానికే కదా ఉపవాసం! ఆ తలపునే చెరిపేసే ఖాళీ కడుపు ఎవరికి నైవేద్యం?

రోగి ఉపవాసం మానితే దోషం లేదని పురోహితులు సర్దిచెబుతారు. నేను ఇంకొంచెం గట్టిగా అంటాను: కీమోలో ఉన్నవాడు ఉపవాసం ఉండడమే దోషం. నాకోసమని శనివారాలు ఒంటిపూట ఉంటున్న మా ఆవిడనూ మానమన్నాను. నన్ను లేపి కూర్చోబెట్టేది ఆ చేతులే. ఆమె ఇంకా ఒప్పుకోలేదు.