శత్రువుకు పెట్టిన విందు

ధ్యాన భాగము: 2 రాజులు 6:8–24



ఎలీషాను పట్టుకొనుటకు దోతానునకు వచ్చిన సిరియా సేన తుదకు తానే షోమ్రోను నడుమ చిక్కుకొనెను. వారిని చంపుదునా అని రాజు ఆత్రపడెను. ప్రవక్త వద్దనెను. వారికి అన్నపానములు పెట్టి పంపివేయుమనెను. రాజు గొప్ప విందు చేసి వారిని సాగనంపెను.

ఈ భాగము చదువునప్పుడెల్ల మన దేశమును, పాకిస్తానును మాకు జ్ఞాపకము వచ్చును. 1947 మొదలు ఈ పొరుగువారు పలుమారులు యుద్ధము చేసిరి. అయినను ఆపదలో ఒకరి గుమ్మమునకు ఒకరు వెళ్లిన దినములును గలవు. 2001 జనవరి 26న గుజరాతులో భూమి కంపించినప్పుడు పాకిస్తాను విమానముమీద గుడారములు, కంబళ్లు పంపెను. 2005 అక్టోబరు 8న కాశ్మీరులో భూకంపము వచ్చి పాకిస్తాను వైపున 73,000 మందికి పైగా చనిపోగా, మన దేశమును గుడారములు, కంబళ్లు, మందులు పంపెను.

అయితే కొండ గ్రామములు చేరుటకు హెలికాప్టర్లు కావలసియుండెను. మన దేశము ఇచ్చెదమనెను. యంత్రములు చాలును, నడుపువారు వద్దని పాకిస్తాను అనెను. మావారు లేక పంపజాలమని మన దేశమనెను. అవి కదలనేలేదు. ఇరువురికిని భయములు గలవు. కాని శీతకాలము ఎవరికొరకును ఆగదు గదా!

మనము వారిని తప్పుపట్టుటకు ముందు మన పల్లెను చూచుకొందము. చావు జరిగిన యింటికి పొరుగువారు అన్నము తెచ్చుట మన ఆచారము. ఒకసారి గట్టు తగాదా పడిన యింటినుండి వచ్చిన అన్నపు కుండ గడపయొద్దనే చల్లారిపోవుట మేము చూచితిమి. పెద్దలు ముట్టలేదు. పిల్లలు దానివైపే చూచుచుండిరి.

పగవానికి పెట్టుట కష్టము. పగవాని చేత తినుట మరింత కష్టము. మన ప్రభువు సమరయ స్త్రీని దాహమునకు అడిగెను. పుచ్చుకొనుటకు ఆయన సిగ్గుపడలేదు.

విందు పెట్టినంతనే పగ తీరునా? లేఖనము మనలను మోసపుచ్చదు. 23వ వచనములో సిరియా దండులు రాక మానెను. 24వ వచనములో బెన్హదదు షోమ్రోనును ముట్టడించెను. మన దినములలోను అట్లే జరిగెను. 2005 అక్టోబరు చివర బంధువులు దాటిపోవునట్లు కాశ్మీరు అధీన రేఖమీద అయిదు చోట్ల దారి తెరచుటకు ఇరుపక్షములు ఒప్పుకొనెను. 2025 ఏప్రిల్ 22న పహల్గాములో 26 మంది హతులైరి. మే నెలలో ఇరుదేశముల నడుమ మరల పోరు జరిగెను.

అట్లయిన విందు వ్యర్థమా? కాదు. ఆ దినమున ఆకలిగొన్నవాడు తినెను. రాజు చేతులకు రక్తము అంటలేదు. రోమీయులకు 12:20లో అపొస్తలుడు శత్రువునకు పెట్టుమనెను గాని, ఫలితమును చూచి పెట్టుమనలేదు.

కాబట్టి ప్రియులారా, ఇచ్చునప్పుడు డంబము, పుచ్చుకొనునప్పుడు గర్వము విడుతము. రెండు దేశముల ఏలికల కొరకు ప్రార్థింతము. మన గడపయొద్ద కుండ చల్లారనియ్యకుందము గాక. ఆమేన్.