ఆగిన చదువును మళ్లీ అందుకుందాం

జవహర్‌నగర్‌లో ఈపాటికి చాలా ఇళ్లలో అన్నం వార్చేసి ఉంటారు. డబ్బా సర్దుకుని ఈసీఐఎల్ వైపో, సైనిక్‌పురి వైపో పనికి బయల్దేరే అక్కలకు, చెల్లెళ్లకు ఈ మాట.

వరంగల్ జిల్లా ఆడపడుచు జ్యోతిరెడ్డి గారి పేరు వినే ఉంటారు. పదహారేళ్లకే పెళ్లయింది. రోజుకు 5 రూపాయల కూలికి పొలం పనికి వెళ్లారు. ఇద్దరు బిడ్డల్ని పెంచుతూ, రాత్రిళ్లు బట్టలు కుడుతూ, అంబేడ్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో డిగ్రీ చదివారు. టీచరయ్యాక, బడికి వెళ్లే రైల్లోనే తోటివాళ్లకు చీరలు అమ్మారు. ఆ తర్వాత కంప్యూటర్ నేర్చుకుని అమెరికా వెళ్లి, సొంతంగా సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టారు.

అందరం అమెరికా వెళ్లనక్కర్లేదు. ఆమె కథలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఆ రైలు ప్రయాణమే. దారిలో పోయే సమయాన్ని కూడా ఆమె సంపాదనగా మార్చుకున్నారు. మనకు 2023 డిసెంబరు నుంచి ఆర్టీసీ బస్సులో టికెట్ ఖర్చు లేదు. ఆ మిగిలిన డబ్బు మీ పేరున ఖాతాలో పడాలి. మీ చదువుకు, మీరు నేర్చుకునే పనికే ఖర్చవ్వాలి.

పది దాకా రాకుండానే బడి మానేశారా? ఓపెన్ స్కూల్‌లో పదో తరగతికి 14 ఏళ్లు నిండితే చాలు, పైవయసుకు హద్దు లేదు. నలభైలో కూడా రాయొచ్చు. సిగ్గుపడాల్సిందేమీ లేదమ్మా. ఈ వారమే దగ్గర్లోని ప్రభుత్వ హైస్కూలుకు వెళ్లి అడగండి. ఆధార్ కార్డు, పాత టీసీ ఉంటే అదీ వెంట తీసుకెళ్లండి.