జెల్‌కు స్వభావం ఉందా?

వస్తువు శక్తి వస్తువులోనే ఉంటుందా, చుట్టూ ఉన్నవాటితో కలిసి పుడుతుందా? ఇతరాలపై ఆధారపడని స్వభావం దేనికీ లేదని ఆచార్య నాగార్జునుడు మూలమధ్యమకకారికలో వాదించాడు. ఇసుక నేలల్లో కలిపే జెల్ గుళికలు ఆ మాటకు మంచి పరీక్ష. ఇసుకలో పెట్టిన తడి నిలవదు, త్వరగా కిందికి దిగిపోతుంది. పాలీఅక్రిలేట్ జెల్ తన బరువుకు వందల రెట్లు నీరు పీల్చి వేళ్లకు మెల్లగా అందిస్తుందని రైతులు దాన్ని వాడతారు. అయితే ఆ వందల రెట్లు డిస్టిల్డ్ వాటర్‌లో తేలిన లెక్క. ఉప్పునీటిలో అదే గుళిక పదుల రెట్లకు పడిపోతుంది.

నీటిని పట్టే గుణం జెల్‌కు సహజమేననీ, ఉప్పు దానికి అడ్డు మాత్రమేననీ ఒకరు అనవచ్చు. మణి దగ్గరుంటే నిప్పు కాల్చదన్న ఉదాహరణతో మీమాంసకులూ నైయాయికులూ ఈ చిక్కునే చర్చించారు. కానీ గుళిక ఉబ్బే తీరు చూడండి. దాని లోపల అయాన్లు ఎక్కువ, బయటి నీటిలో తక్కువ. ఆ తేడాయే నీటిని లోపలికి లాగుతుంది. బయట ఉప్పు పెరిగితే తేడా తగ్గుతుంది, ఉబ్బూ తగ్గుతుంది. తేడా అన్నది ఏ ఒక్క వస్తువులోనూ ఉండదు, రెండింటి మధ్యే ఉంటుంది. ఉప్పునీరు ఎలా ఒక పరిస్థితో మంచినీరూ అలాగే ఒక పరిస్థితి. పైగా సోడియం చేసిన నష్టం మంచినీటితో చాలావరకు తీరుతుంది గానీ, కాల్షియం, మెగ్నీషియం జెల్ గొలుసులను ఒకదానికొకటి బంధిస్తాయి. ఆ తర్వాత ఎంత మంచినీరు పెట్టినా పాత ఉబ్బు పూర్తిగా రాదు. అడ్డు తొలగినా తిరిగి రానిదాన్ని సహజగుణం అని ఎలా అంటాం?

దేనికీ సొంత స్వభావం లేకపోతే ఇక మనిషి చేయగలిగేది ఏముందని మరో ఆక్షేపణ. నాగార్జునుడి సమాధానం దీనికి సరిగ్గా ఎదురు: ఆధారపడి ఉన్నాయి గనుకే వస్తువులు పనిచేస్తాయి, మారతాయి. ఉప్పునీటిలో ఓడిపోవడం జెల్ స్వభావమే అయితే రైతుకు దారి లేదు. అది పరిస్థితి గనుక దారి ఉంది. బాపట్ల తీరపు ఇసుక నేలల్లో లోతు బోరు అడుగునున్న ఉప్పునీటిని పైకి లాగుతుంది, దొరువు అనే లోతు తక్కువ గుంటబావి పైపొరలోని మంచినీటినే అందిస్తుంది. ఏ నీరు వాడాలన్నది అక్కడ మనిషి చేతిలోనే ఉంది. అందుకే ప్రయోగశాల నీటి లెక్కను ఉప్పుబావి రైతుకు యథాతథంగా చెప్పి అమ్మడం న్యాయం కాదు. జెల్ కొనే ముందు మీ బావి నీటిని పరీక్ష చేయించండి. దాని విద్యుత్ వాహకత, కాల్షియం, మెగ్నీషియం ఎంతో తెలిశాకే సంచీకి డబ్బు కట్టండి.